అన్నవాహిక క్యాన్సర్ చికిత్స అయిపోయాక మిగిలే బాధలు: దేనికి ఏది ఎంచుకోవాలి

స్కాన్ బాగుందని డాక్టర్ చెప్పాక చూడటానికి వచ్చినవాళ్లంతా "గండం గడిచింది, ఇంక బాగా తిని కోలుకో" అనేసి వెళ్తారు. చిక్కంతా ఆ తినడం దగ్గరే. ఆపరేషన్‌లో అన్నవాహికను తీసేసి, పొట్టను సన్నటి గొట్టంలా మలిచి, ఛాతీలోకో మెడ దాకానో లాగి కుడతారు. తిన్నది వెనక్కి రాకుండా పట్టి ఉంచే కండరం దాంతో పోతుంది. పొట్టను ఆడించే వేగస్ నరం కూడా తెగుతుంది. ఆపరేషన్ లేకుండా కీమో ఇచ్చి కరెంటు పెట్టినవాళ్లకు, అంటే రేడియేషన్‌తోనే వైద్యం అయినవాళ్లకు, పొట్ట పాత చోటే ఉంటుంది గానీ కరెంటు తగిలిన చోట అన్నవాహిక గట్టిపడి సన్నబడుతుంది. జబ్బు పోయినా ఈ మార్పులు పోవు. వాటితో కాపురం చేయాల్సిందే.

మా చిన్నాయన ఈ ఆపరేషన్ తర్వాత కర్నూలులో మా ఇంట్లోనే ఉండి కోలుకున్నాడు. ఆ సంగతి తెలిసి నంద్యాల నుంచో, గుత్తి నుంచో, ప్రొద్దుటూరు నుంచో అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఫోన్ చేస్తుంటారు. మంచి బిళ్ల ఏది, మంచి పొడి ఏది, మంచి ఆసుపత్రి ఏది అని అడుగుతారు. నేను ముందు అడిగేది ఒకటే: తిన్న ఎంతసేపటికి వస్తోంది ఆ బాధ?

మింగుతుండగానే ఆగిపోతుంటే దారి సన్నబడి ఉండొచ్చు. తిన్న 10 నిమిషాల నుంచి అరగంట లోపల గుండె దడ, కడుపులో మెలిపెట్టడం, నీళ్ల విరేచనం వస్తే అది డంపింగ్, అంటే తిన్నది పేగులోకి ఒక్కసారిగా దిగిపోవడం. గంట నుంచి మూడు గంటల మధ్య చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే అదీ డంపింగే, కానీ వేరే రకం. పొద్దున తిన్నది మధ్యాహ్నానికీ ఛాతీలో బరువుగా కూర్చుంటే పొట్ట ఖాళీ కావడం లేదు. పడుకున్నాక గొంతులోకి చేదుగా వస్తే వెనక్కి పొంగుతోంది. ఇవన్నీ ఇంట్లో అందరి నోటా "గ్యాస్" అనే ఒక్క మాటలో కలిసిపోతాయి. మందుల షాపులో కూడా అదే మాట చెప్తే అదే బిళ్ల ఇస్తారు. అందుకే ఒక వారం పాటు నోటు పుస్తకంలో ఏం తిన్నారు, ఎన్ని గంటలకు తిన్నారు, బాధ ఎన్ని గంటలకు వచ్చింది అని రాసుకోమంటాను. డాక్టర్ ముందు పెట్టడానికి అంతకంటే పనికొచ్చే కాగితం ఇంట్లో తయారయ్యేది ఇంకోటి లేదు.

మింగుడు పడనప్పుడు: మెత్తటి తిండా, సాగదీయించుకోవడమా, స్టెంటా

ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో కుట్టు వేసిన చోట మచ్చ కట్టి దారి ఇరుకు కావడం మామూలే. అయినా మళ్లీ జబ్బేమో అన్న అనుమానం ఉంటుంది కాబట్టి, మొదటిసారి మింగుడు పడకపోతే ఎండోస్కోపీ చేయించి చూడాల్సిందే. అప్పటిదాకా బాగా తింటున్న మనిషికి ఏడాది, రెండేళ్ల తర్వాత కొత్తగా మొదలైతే ఒక్క వారం కూడా ఆగొద్దు.

ఇరుకు మాత్రమే అని తేలితే మూడు దారులున్నాయి. మొదటిది మెత్తటి తిండితో నెట్టుకురావడం. ఖర్చు ఉండదు, భయం ఉండదు. చాలా ఇళ్లల్లో దీన్నే ఎంచుకుంటారు. నేను దీన్ని ఎంచుకోమనేది దోసె, ఇడ్లీ, మెత్తటి అన్నం మామూలుగా దిగుతూ మాంసం ముక్క, చపాతీ దగ్గర మాత్రమే ఆగేవాళ్లను. అన్నం నుంచి జావకు, జావ నుంచి పాలకు దిగిపోతుంటే అది సర్దుకోవడం కాదు, చిక్కిపోవడం.

రెండోది ఎండోస్కోపీ ద్వారా బెలూన్‌తోనో, గట్టి ట్యూబులతోనో దారిని సాగదీయడం. డైలటేషన్ అంటారు. ఒకేసారి బాగా సాగదీస్తే చిరిగే ప్రమాదం ఉంది కాబట్టి విడతలుగా కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పెంచుతారు. ఇంట్లోవాళ్లకు ఇదే అర్థం కాదు. "పోయినసారి చేశారు కదా, మళ్లీ ఎందుకు రమ్మంటున్నారు, డబ్బుల కోసమేనా" అని చిరాకు పడతారు. మచ్చ మళ్లీ ముడుచుకుంటుంది, అందుకే మళ్లీ పిలుస్తారు. రెండు మూడు వారాల ఎడంతో కొన్నిసార్లు చేశాక చాలామందికి నిలకడ వస్తుంది. అప్పటికీ మొండికేస్తే మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చి సాగదీసే పద్ధతి ఉంది. డైలటేషన్ చేయించుకుని ఇంటికొచ్చిన రోజు ఛాతీలోనో వీపులోనో నొప్పి ఎక్కువవుతున్నా, జ్వరం వచ్చినా, ఆయాసంగా ఉన్నా, మెడ దగ్గర చర్మం ఉబ్బి నొక్కితే చిటపటలాడినా నోట్లో నీటి చుక్క కూడా వేయకుండా నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి. తెల్లారాక చూద్దాం అనుకునే వ్యవహారం కాదది.

మూడోది స్టెంటు, అంటే దారి మూసుకుపోకుండా లోపల పెట్టి ఉంచే గొట్టం. ఒక్కసారి పెడితే అయిపోతుందని చాలామందికి ఇదే నచ్చుతుంది. జబ్బు ఉండి, దాన్ని తీసేయడం కుదరనివాళ్లకు స్టెంటు మంచి ఆసరా. జబ్బు లేని మచ్చకు మాత్రం ఇది చివరి మాట. పెట్టినా కొన్ని వారాల్లో తిరిగి తీసేసే రకమే పెడతారు. అది జారిపోవచ్చు, నొప్పి పెట్టొచ్చు, దాని గుండా తిన్నది వెనక్కి రావచ్చు. పదే పదే తిరగలేకపోతున్నాం అన్న ఒక్క కారణంతో స్టెంటు అడగొద్దని నా సలహా. తిరగడం తగ్గించుకునే దారి వేరే ఉంది, కింద చెప్తాను.

తిన్నాక వచ్చే దడ, చెమట: సీమ వంటల్లో ఏది ఉంచాలి, ఏది పక్కన పెట్టాలి

పొట్ట చిన్నదైపోయి, కింది ద్వారం మీద అదుపు తప్పినప్పుడు తీపి, పల్చటి తిండి చిన్నపేగులోకి ఒక్కసారిగా దిగుతుంది. దాన్ని పల్చన చేయడానికి ఒంట్లోని నీరు పేగులోకి లాగబడుతుంది, దడ పుడుతుంది, విరేచనమవుతుంది. ఇది త్వరగా వచ్చే రకం. రెండో రకంలో చక్కెర రక్తంలోకి ఎగబాకి, దానికి ఇన్సులిన్ అవసరానికి మించి ఊరి, చక్కెర పడిపోతుంది. అప్పుడు చెమటలు పడుతున్నాయని ఇంట్లోవాళ్లు గ్లాసుడు గ్లూకోజ్ నీళ్లు తాగిస్తారు. కాసేపు తేరుకుంటాడు. మళ్లీ రెండు గంటలకు అదే కథ. వణుకు వచ్చినప్పుడు తీపి ఇవ్వాల్సిందే, కానీ ఒకటి రెండు చెంచాల గ్లూకోజ్‌తో ఆపి, తేరుకున్నాక గుడ్డో, పెరుగన్నమో, పుట్నాల పొడి కలిపిన ముద్దో కొంచెం పెట్టాలి. షుగర్ జబ్బుకు బిళ్లలు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఆపరేషన్ తర్వాత పాత మోతాదే కొనసాగించకుండా డాక్టర్‌ను అడిగి మార్పించుకోవాలి. తినడం సగానికి సగం తగ్గినప్పుడు పాత మోతాదు ప్రమాదం.

డంపింగ్‌కు మందులు లేకపోలేదు. తిన్న గంటల తర్వాత వచ్చే రకానికి అకార్బోస్ అనే బిళ్ల, మొండి కేసులకు ఆక్ట్రియోటైడ్ ఇంజెక్షన్ డాక్టర్లు వాడతారు. అయితే ఎక్కువమందికి తిండి మార్పుతోనే సర్దుకుంటుంది కాబట్టి ముందు వంటింట్లో ఎంచుకోవాల్సినవి చూద్దాం. ఆసుపత్రిలో ఇచ్చే డైట్ చార్టులో ఓట్స్, బ్రెడ్డు, సూపు అని ఉంటుంది. సంగటి గురించీ, ఉగ్గాని గురించీ ఎవరూ రాయరు.

సంగటి తింటేనే బలం అని పెద్దవాళ్లు పట్టుబడతారు. రాగి మంచిదే, ముద్దతోనే తంటా. సంగటిని నమలకుండా పప్పులోనో పులుసులోనో అద్దుకుని మింగడం మన అలవాటు. ఇరుకు దారి ఉన్నవాడికి అది అడ్డం పడుతుంది. సంగటి మానలేకపోతే పల్చగా వండి, పప్పు కలిపి, చిన్న చెంచాతో పెట్టాలి. రాగి జావ అయితే దిగడానికి సుఖం, కానీ బెల్లం వేసిన జావ గ్లాసుడు ఒకేసారి తాగితే దడ ఖాయం. ఉప్పు, మజ్జిగ కలిపి అరగ్లాసు మాత్రం, అదీ భోజనంతో కాకుండా మధ్యలో తాగితే నిలబడుతుంది.

జొన్న రొట్టె మీద చిన్నాయనకు ప్రాణం. పొడి రొట్టె ఎవరికైనా సరే మొదటి నెలల్లో గొంతు దిగేది కాదు. వేడి రొట్టెను చిన్న తునకలు చేసి, పల్చటి పప్పు పోసి, మూత పెట్టి పావుగంట నానబెట్టి ఇచ్చేది మా అమ్మ. తునకను వేళ్ల మధ్య నొక్కితే గింజ గట్టిగా తగలకుండా మెత్తగా చితికిపోయిన తర్వాతే పళ్లెంలో వేసేది. ఏ పదార్థానికైనా ఈ వేళ్ల పరీక్ష బాగా పనికొస్తుంది.

ఉగ్గాని నా లెక్కలో చాలా మంచి ఎంపిక. నానిన బొరుగులు మెత్తగా ఉంటాయి, పుట్నాల పొడితో కాస్త బలమూ చేరుతుంది. పచ్చిమిర్చి తగ్గించి, పక్కన బజ్జీ లేకుండా పెట్టాలి. బజ్జీ లేని ఉగ్గాని ఉగ్గానేనా అని అనంతపురం వాళ్లు కొట్లాటకు వస్తారని తెలుసు, అయినా తప్పదు. చెనిక్కాయలు పలుకులుగా వద్దు. వేయించి, పొట్టు తీసి, మెత్తగా నూరి పచ్చడిగానో పొడిగానో వాడితే కొద్ది తిండిలోనే ఎక్కువ శక్తి దొరుకుతుంది. ఉడికించిన గుడ్డు పచ్చసొన పిండిలా అడ్డం పడుతుంది, పొరటు చేస్తే జారుతుంది. మాంసం ముక్కలకు బదులు ఖీమా. ఓళిగలు, చెరుకు రసం, కూల్ డ్రింకులు, పండ్ల రసాలు డంపింగ్ ఉన్నంతకాలం దూరంగా ఉంచాల్సినవి. పండగ పూట నోరు కట్టుకోలేకపోతే ఓళిగలో పావు ముక్క, అదీ ఖాళీ కడుపున కాకుండా భోజనం చివర నెయ్యితో.

నీళ్లు ముద్దతో పాటు తాగొద్దు. తినడానికి అరగంట ముందు, తిన్న అరగంట తర్వాత. కర్నూలు ఎండల్లో దీన్ని పాటించడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు, అందుకే మధ్యలో గుర్తు చేసి మరీ గుక్క గుక్కగా తాగించాలి. మూడు పూటల భోజనాన్ని ఆరు చిన్న పూటలుగా విడగొట్టాలి. ఇక కారం సంగతి. కారం తింటే జబ్బు తిరగబెడుతుందని చుట్టాలు బెదిరిస్తారు, దానికి ఆధారమేమీ లేదు. కరెంటు పెట్టిన కొత్తలో మంట పుడుతుంది కాబట్టి తగ్గించాలి, మంట తగ్గాక నోటికి సయించినంత వేసుకోవచ్చు. నిజంగా జాగ్రత్త పడాల్సింది పొగలు కక్కే టీతో. 65 డిగ్రీలకు మించిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిధిలోని క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో ప్రకటించింది. టీ మానక్కర్లేదు, చల్లారనిస్తే చాలు. బీడీ, గుట్కా, మద్యం విషయంలో మాత్రం బేరం లేదు.

పొట్ట ఖాళీ కాని రకానికి సలహా కొంచెం తిరగబడుతుంది. వీళ్లకు పల్చటి తిండే సుఖం, కొవ్వు, పీచు తగ్గించాలి, తిన్నాక కూర్చుండిపోకుండా నెమ్మదిగా నడవాలి. డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ లాంటి బిళ్లలు పొట్టను ఆడిస్తాయి గానీ నెలల తరబడి సొంతంగా కొనుక్కుని వాడేవి కావు. మొదటిది గుండె లయ మీద, రెండోది నరాల మీద ప్రభావం చూపగలదు. బిళ్లలతో లొంగకపోతే పొట్ట కింది ద్వారాన్ని ఎండోస్కోపీతో బెలూన్ పెట్టి వెడల్పు చేస్తారు. నెలల తరబడి బిళ్లలు మింగడం కంటే దాని గురించి అడగడం మేలు.

రాత్రి పొంగేది: బిళ్ల పెంచాలా, మంచం లేపాలా

ఒక క్లినిక్‌లో చిన్నాయనకు వెళ్లిన ప్రతిసారీ గ్యాస్ బిళ్ల మోతాదు పెంచుతూ పోయారు. రాత్రి మూడింటికి గొంతులోకి చేదు నీళ్లు రావడం, పొలమారి దగ్గడం ఆగలేదు. ప్యాంటోప్రజోల్, ఒమెప్రజోల్ లాంటివి యాసిడ్‌ను తగ్గిస్తాయి, కాబట్టి మంట తగ్గుతుంది. వాటిని పరగడుపున, టిఫిన్‌కు అరగంట ముందు వేసుకుంటేనే సరిగా పనిచేస్తాయి. కానీ ఈ ఆపరేషన్ తర్వాత పైకి వచ్చేదాంట్లో పైత్యరసం కూడా ఉంటుంది. ఆపే కండరమే లేనప్పుడు ద్రవం పైకి రాకుండా బిళ్ల ఆపలేదు. ఆ పని ఒంటి వాలు చేయాలి. మంట ఎక్కువైతే బిళ్ల, పొంగడం ఎక్కువైతే మంచం అని గుర్తుపెట్టుకోండి. పడుకునే ముందు తాగే ఆల్జినేట్ సిరప్ కొందరికి అదనంగా సాయపడుతుంది.

వాలుకు కూడా రకాలున్నాయి. రెండు దిండ్లు ఎత్తుగా పెట్టుకోవడం అందరూ చేసేదే, అన్నింటికంటే తక్కువ పనిచేసేదీ అదే. మెడ, నడుము వంగి కడుపు నొక్కుకుంటుంది తప్ప ఛాతీ లేవదు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఆరేడు అంగుళాలు లేపడం ఖర్చు లేని మంచి పద్ధతి. చెక్క మంచానికి, ఇనుప మంచానికి ఇది కుదురుతుంది. నవారు మంచం మధ్యలో కుంగుతుంది కాబట్టి ఎంత లేపినా మనిషి గుంటలోనే ఉంటాడు. లేపిన మంచం మీద తెల్లారేసరికి కాళ్లవైపు జారిపోకుండా మోకాళ్ల కింద దుప్పటి చుట్ట ఒకటి పెట్టాలి. పరుపుల షాపులో ఏటవాలుగా కోయించుకున్న ఫోం దిండు ఇంకా మేలు, ఊరికి వెళ్లినా తీసుకుపోవచ్చు. నడుము నుంచి పైభాగమంతా దాని మీద పట్టేంత పొడవు ఉండాలి. పక్కన ఇంకొకరు పడుకునే మంచమైతే ఇటుకల కంటే ఇదే నయం. మీట తిప్పితే లేచే ఆసుపత్రి మంచం అద్దెకు దొరికితే మొదటి రెండు మూడు నెలలకు తీసుకోవచ్చు, కొనాల్సిన పని లేదు.

ఎండాకాలం మిద్దె మీద చాప పరుచుకుని పడుకునే ఇళ్లల్లో పడక కుర్చీ ఒకటి పైకి చేర్చండి. రాత్రి భోజనం ఏడింటికి ముగించి, కనీసం మూడు గంటలు ఆగి పడుకోవాలి. రాత్రి దగ్గు, తరచూ జ్వరం, కఫం ఉంటే పొంగింది ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో చూపించాలి. దాన్ని జలుబు కింద తీసేయకూడదు.

ఇంటి తిండి, డబ్బా పొడి, పైపు

మొదటి 6 నెలల్లో బరువులో పదో వంతు దాకా పోవడం చాలామందిలో కనిపిస్తుంది. ఆ తర్వాత నిలబడాలి. వారానికి ఒకసారి, ఒకే మిషన్ మీద, ఒకే వేళకు బరువు చూసుకుంటే ఏది ఎంచుకోవాలో ఆ అంకెలే చెప్తాయి. బరువు నిలబడి ఉంటే ఇంటి తిండి చాలు. మెల్లగా తగ్గుతుంటే పాలపొడి, పుట్నాలు, చెనిక్కాయ పొడి, నెయ్యి ఇంటి వంటలోనే కలపాలి. అయినా తగ్గుతుంటే షాపులో దొరికే పోషకాల డబ్బా పొడి. ఈ డబ్బాలు చెడ్డవి కావు, కొద్ది పరిమాణంలో ఎక్కువ శక్తి ఇవ్వడమే వాటి పని. కానీ డబ్బా మీద పదార్థాల వరుసలో చక్కెర మొదట్లోనే ఉంటే డంపింగ్ ఉన్నవాళ్లు వేరేది చూసుకోవాలి. ఏదైనా గటగటా కాకుండా అరగంట సేపు చప్పరిస్తూ తాగాలి. నెలకు వేలు పోసి డబ్బాలు కొంటూ గుడ్డు, పెరుగు మాన్పించే ఇళ్లను చూశాను. అది డబ్బు దండగ.

నోటితో తినేది చాలక పైపుతో తిండి ఎక్కించాల్సి వస్తే, ముక్కు నుంచి వేసేదా, కడుపు మీద నుంచి పేగులోకి పెట్టేదా అన్న ప్రశ్న వస్తుంది. నాలుగైదు వారాల్లో తీసేసేదైతే ముక్కు పైపు సరిపోతుంది. అంతకు మించి అవసరమైతే కడుపు మీది పైపే సుఖం. చొక్కా కింద దాగుతుంది, గొంతులో గుచ్చుకోదు, నోటితో తినడం నేర్చుకోవడానికి అడ్డం రాదు. ముక్కు నుంచి పొట్టలోకి వేసిన పైపులో బాగా వడగట్టిన ఇంటి ద్రవాలు పోయొచ్చు. చిన్నపేగులోకి పెట్టినది సన్నగా ఉంటుంది, గంజి, పప్పు కట్టు పోస్తే మూసుకుపోతుంది. అందులోకి పొడి కలిపిన ద్రవమే, అదీ చుక్కలు చుక్కలుగా ఎక్కించాలి. పోసే ముందూ పోశాకా 30 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లతో కడగడం మరిచిపోతే ఏ పైపైనా మొరాయిస్తుంది.

ఆపరేషన్ అయినవాళ్లకు ముక్కు పైపు ఊడితే ఊళ్లో ఆర్‌ఎంపీని పిలిచి మళ్లీ పెట్టించొద్దు. లోపలి దారి మారిపోయింది, చూడకుండా తోస్తే కుట్టు దగ్గర గుచ్చుకుంటుంది. కడుపు మీది పైపు ఊడితే కట్టు కట్టే శుభ్రమైన పల్చటి గుడ్డ కప్పి, ఊడిన పైపును చేతిలో పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆ రంధ్రం గంటల్లోనే మూసుకోవడం మొదలవుతుంది.

మిగతావి

విరేచనాలకు షాపులో దొరికే మోషన్ బిళ్ల వేసే ముందు వాటి తీరు చూడండి. తినగానే అయితే డంపింగ్. జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ, దుర్వాసనతో ఉంటే కొవ్వు అరగడం లేదు, భోజనంతో పాటు వేసుకునే ఎంజైమ్ క్యాప్సూల్స్ అవసరం కావచ్చు. ఉబ్బరం, గడబిడ ఎక్కువగా ఉంటే పేగులో బ్యాక్టీరియా పెరిగి ఉండొచ్చు, దానికి యాంటీబయాటిక్ కోర్సు వేరే. మలం నల్లగా తారులా వస్తే ఇవేవీ కాదు, ఆ రోజే వెళ్లాలి.

నీరసానికి టానిక్ కొనే డబ్బులతో ముందు రక్త పరీక్షలు చేయించండి: హిమోగ్లోబిన్, ఐరన్, బి12, విటమిన్ డి. మెడకు కరెంటు పెట్టి ఉంటే థైరాయిడ్ కూడా. బి12 తక్కువైతే ఇంజెక్షనే తేలిక దారి. గొంతు బొంగురుపోవడం స్వరపేటిక నరం దెబ్బతినడం వల్ల కావచ్చు. చాలామందికి నెలల్లో తిరిగి వస్తుంది కాబట్టి స్వరానికి వ్యాయామాలు చేస్తూ ఆగొచ్చు. నీళ్లు తాగినప్పుడల్లా పొలమారుతుంటే మాత్రం ఆగకుండా ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించాలి. కీమో తర్వాతి తిమ్మిర్లకు మందులు కొంతవరకే పనిచేస్తాయి. చెప్పుల్లేకుండా నడవకపోవడం, వేడి నీళ్లను మోచేత్తో చూసుకోవడం అంతకంటే ముఖ్యం. పసరు మందులు, కషాయాల గురించి అడిగేవాళ్లకు నా జవాబు ఒకటే: డాక్టర్‌కు పేరు చెప్పగలిగితే వాడండి, "అందులో ఏముందో చెప్పరు" అన్నవి వాడొద్దు.

దగ్గరి ఆసుపత్రా, ఆపరేషన్ చేసిన చోటా

కర్నూలు వాళ్లు హైదరాబాద్‌కు, అనంతపురం వాళ్లు బెంగళూరుకు, కడప వాళ్లు తిరుపతికో వేలూరుకో వెళ్లి ఆపరేషన్ చేయించుకుని ఉంటారు. హైదరాబాద్, బెంగళూరు రెండూ రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ప్రతి చిన్నదానికీ అక్కడికే పరిగెత్తితే మనిషి నీరసిస్తాడు, ఇంట్లోవాళ్ల కూలి పోతుంది. అలాగని మొత్తం ఇక్కడికే మార్చుకోవడమూ తెలివి కాదు. పనిని రెండుగా విడగొట్టుకోవాలి.

స్కాన్లు, ఏటా చూపించుకోవడం, మొదటి ఎండోస్కోపీ, మొదటి డైలటేషన్ ఆపరేషన్ చేసిన చోటే. కుట్టు ఎక్కడ వేశారో, ఎంత ఇరుకుందో వాళ్లకు తెలుసు. అది నిలకడగా సాగుతోందని తేలాక ఆ తర్వాతి విడతలు దగ్గర్లో చేయించుకోవచ్చా అని వాళ్లనే అడగండి. పైన స్టెంటు దగ్గర చెప్పిన దారి ఇదే. దగ్గర్లో ఎంచుకునేటప్పుడు భవనం చూసి కాదు, రెండు ప్రశ్నలు అడిగి ఎంచుకోవాలి: డైలటేషన్ తరచూ చేస్తుంటారా, ఏదైనా తేడా వస్తే అదే రోజు సీటీ తీసి, సర్జన్ చూసే ఏర్పాటు ఉందా. రెండోదానికి తడబడితే ఎంత దగ్గరైనా వద్దు.

రక్త పరీక్షలు, బి12 ఇంజెక్షన్లు, పైపు శుభ్రం, జ్వరం, నొప్పి, బరువు చూపించుకోవడం లాంటివి కర్నూలు పెద్దాసుపత్రిలోనో, కడప రిమ్స్‌లోనో, అనంతపురం పెద్దాసుపత్రిలోనో, బత్తలపల్లి ఆర్డీటీ ఆసుపత్రిలోనో జరిగిపోతాయి. కర్నూలులో రాష్ట్ర క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా ఉంది కాబట్టి ఫాలో అప్‌లో ఎంతవరకు అక్కడ కుదురుతుందో ముందుగా వెళ్లి కనుక్కోవడం మంచిది. ఆరోగ్యశ్రీ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తోంది. ఆపరేషన్ పథకంలో అయినంత మాత్రాన తర్వాతి డైలటేషన్లూ అందులోనే అవుతాయనుకోవద్దు. ఆ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రనో, 104లోనో బయల్దేరక ముందే అడగాలి, రాష్ట్రం దాటి వెళ్లేవాళ్లు మరీ ముఖ్యంగా.

ఎక్కడికి వెళ్లినా డిశ్చార్జ్ కాగితం ఒక్కటే చాలదు. ఆపరేషన్ నోట్సు, బయాప్సీ రిపోర్టు, పోయిన ఎండోస్కోపీ రిపోర్టు ఫోన్లో ఫోటోలు తీసి ఉంచండి. ఇరుకు పళ్ల నుంచి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఉంది, పోయినసారి ఎన్ని మిల్లీమీటర్ల దాకా సాగదీశారు అన్న రెండు అంకెలు అందులో ఉంటాయి. కొత్త డాక్టర్ మొదట వెతికేది వాటినే.

ప్రయాణం గురించి ఒక మాట. రాత్రి బస్సుకు వెళ్తే పేషెంట్ హాయిగా పడుకుంటాడని స్లీపర్ బుక్ చేస్తారు. వెనక్కి పొంగే మనిషికి బల్లపరుపు బెర్తు మీద, కుదుపుల్లో నిద్ర అనేదే ఉండదు. వెనక్కి వాలే సీటున్న బస్సే తీసుకోండి. రైలైతే పగటిపూట కూర్చుని వెళ్లే బండి మేలు. ఎండోస్కోపీ కోసం ఖాళీ కడుపుతో రమ్మన్న రోజు, పొట్ట ఆలస్యంగా ఖాళీ అయ్యేవాళ్లకు మామూలుగా చెప్పే ఆరేడు గంటలు చాలకపోవచ్చు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఆ సంగతి చెప్తే ముందు రోజు నుంచే ద్రవాల మీద ఉండమంటారు. లేదంటే ఇంత దూరం వెళ్లాక, లోపల అన్నం కనిపిస్తోందని వాయిదా వేసి పంపేస్తారు.